మొదటి పేరు దివాకర్, గైర్హాజరు

ఆ మంగళవారం పొద్దున దివాకర్ వేసుకున్న ప్లానులో మూడే మూడు పనులున్నాయి. ఏడు గంటలకల్లా యూనివర్సిటీకి చేరాలి. ఇంటర్వ్యూకి అందరికంటే ముందు లోపలికి పోవాలి. పన్నెండున్నరకల్లా తార్నాకకు తిరిగొచ్చి భార్యతో కలిసి అన్నం తినాలి. ఇందులో మనిషన్నవాడు చేయలేనిది ఏముంది చెప్పండి? అయినా సాయంత్రానికి లెక్క చూసుకుంటే, మొదటిదొక్కటే సవ్యంగా జరిగింది.

దివాకర్ వృక్షశాస్త్రంలో డాక్టరేటు. చెరువుల్లో అల్లుకుపోయే గుర్రపుడెక్క మీద ఏడేళ్లు పరిశోధన చేశాడు. ఊరంతా ఆ మొక్కను పీకి పారేయమని గోల పెడుతుంటే, అసలది ఎందుకు పెరుగుతోంది, ఏం తిని పెరుగుతోంది అని మోకాళ్లలోతు మురికినీళ్లలో దిగి మరీ కనుక్కున్న మహానుభావుడు. పట్టా చేతికొచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఆయన పెట్టని దరఖాస్తు లేదు, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. దరఖాస్తులకని ఒకేసారి తీయించుకున్న ఫొటోలు ఇంకా ఒక కవరు మిగిలాయి గానీ, ఆ ఫొటోలో ఉన్న జుట్టు మాత్రం ఆయన నెత్తి మీద మిగల్లేదు.

ఇన్నాళ్లకు గుర్రపుడెక్క మీదే యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఆత్రేయకు ఒక ప్రాజెక్టు వచ్చింది. అందులో ఒకే ఒక్క ప్రాజెక్టు అసోసియేట్ కొలువు, మూడేళ్లకు. ముందుగా దరఖాస్తులు పంపనక్కర్లేదు, కాగితాలు పట్టుకుని నేరుగా వస్తే అప్పటికప్పుడే ఇంటర్వ్యూ. కాకపోతే నోటిఫికేషన్‌లో ఒక లైనుంది. ఇంటర్వ్యూ నాటికి అభ్యర్థికి ముప్ఫై అయిదేళ్లు నిండి ఉండకూడదు. దివాకర్‌కు ముప్ఫై అయిదు నిండేది బుధవారం.

"ఇయ్యాల పోతే ఇగ పోయినట్టే," అన్నాడు బూట్లు తొడుక్కుంటూ.

"పోనియ్యకు మరి," అంది భార్య పద్మశ్రీ. ఆమె తార్నాకలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు, నాలుగేళ్లుగా ఇంటికి గట్టి దిక్కు ఆమె జీతమే. "గిప్పుడు ఇంటర్వ్యూలు మునుపటి లెక్క లెవ్వు. మా స్కూల్ల నన్ను తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న గూడ అడగలే. మూడో క్లాసు పిల్లల నడుమ వదిలిపెట్టి కిటికీలకెళ్లి చూసిండ్రు. నీకు గూడ ఏ పని చెప్తే ఆ పని చెయ్. ఎందుకు, ఏంది అని అడగకు."

పాపం ఆమె మంచికే చెప్పింది. తర్వాత జరిగిందంతా తెచ్చి ఆమె నెత్తిన వేయడం న్యాయం కాదు.

ఏడు గంటలకు దివాకర్ వెళ్లేసరికి ఇంటర్వ్యూ జరిగే పరిశోధన కేంద్రం తలుపులకు తాళం వేసుంది. వరండాలో ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు. ఆయనకు ఆనందమైంది. వెంటనే ఫైల్లోంచి ఒక తెల్ల కాగితం తీసి, ఒకటి అని అంకె వేసి, పక్కన తన పేరు రాశాడు.

ఇది ఆ క్యాంపస్ ఆచారం. స్కాలర్‌షిప్ ఫారం కానీ, హాస్టల్ సీటు కానీ, లైను ఏదైనా సరే, అందరికంటే ముందొచ్చినవాడు ఒక కాగితం మొదలుపెడతాడు. తర్వాత వచ్చినవాళ్లు వరసగా తమ పేర్లు రాసుకుంటూ పోతారు. ఎవరూ రాయమని చెప్పరు, ఎక్కడా ఆర్డరు లేదు, కానీ ఆ కాగితాన్ని కాదనే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఇక ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే సారు.

ఎనిమిదయ్యేసరికి పాతికమంది పోగయ్యారు. వచ్చిన ప్రతివాడూ తిన్నగా దివాకర్ దగ్గరికే.

"సార్, జిరాక్సులు ఎన్ని సెట్లు కావాలె?"

"రెండు. ప్రతి పేజీ మీద మీ సంతకం ఉండాలె."

"సార్, కులం సర్టిఫికెట్ ఒరిజినల్ తేవాల్నా?"

"తేవాలె. కొత్తదైతే మంచిది."

నోటిఫికేషన్ ఆయనకు కంఠతా వచ్చు మరి. పైగా నాలుగేళ్లుగా 'సార్' అనే పిలుపుకు మొహం వాచి ఉన్న మనిషి. ఒకరికి చెబితే నలుగురు చుట్టూ చేరుతున్నారు. రెండు సెట్లు లేనివాళ్లు తార్నాక జిరాక్సు షాపులకు పరుగెత్తారు. వెళ్తూ వెళ్తూ ఫైళ్లు దివాకర్‌కే అప్పజెప్పారు. ఆయన వాటిని వద్దనలేక, కాగితం మీదున్న వరస ప్రకారం గోడవారగా పేర్చాడు. అన్నిటికంటే పైన తన ఫైలు పెట్టుకున్నాడు.

తొమ్మిదింటికి అటెండరు రాజలింగం తాళాలు తీయడానికొచ్చి ఆ వరండా చూసి నిలబడిపోయాడు. తోపులాట లేదు, అరుపుల్లేవు, ఫైళ్లు కూడా వరసగా ఉన్నాయి. గబగబా లోపలికి పోయి ఒక బల్లా కుర్చీ మోసుకొచ్చాడు.

"గీడ కూసోండి సార్. గిట్లాంటి లైను నా సర్వీసుల చూడలే. మేడం నిన్ననే చెప్పింది, పొద్దుగాల్నే ఒక మనిషొస్తడు, మంచిగ చూసుకో అని."

దివాకర్‌కు ఏమీ అర్థం కాలేదు. తాను వస్తున్నట్టు ఆ మేడమ్‌కు ఎవరు చెప్పి ఉంటారు? గుర్రపుడెక్క వ్యాసాలు ఎక్కడైనా చదివిందేమో. కూర్చోమంటే కూర్చున్నాడు. రాజలింగం చాయ్ కూడా తెచ్చిపెట్టాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ కేంద్రంలో గుమాస్తా రిటైరై రెండు నెలలైంది. ఆ సీటులోకి ఔట్‌సోర్సింగ్ మీద ఒక మనిషిని పంపమని సూపరింటెండెంటు పద్మావతి మేడం ఏజెన్సీవాళ్ల ప్రాణాలు తోడుతోంది. మంగళవారం పొద్దున కచ్చితంగా పంపుతామని వాళ్లు మాటిచ్చారు. ఈ విషయం మనకు తెలుసు. దివాకర్‌కు తెలియదు.

పది గంటలకు మేడం వచ్చింది. అనంతపురం నుంచి ఉద్యోగానికొచ్చి ఇరవై రెండేళ్లయినా మాటలో ఆ ఊరు అట్లాగే ఉంది.

"ఏమప్పా, వచ్చినావా? రాజలింగం చెప్పినాడులే, పొద్దున్నే పనిలో దిగినావంట. పేరేంది?"

"దివాకర్, మేడం. నేను..."

"ఈడ సంతకం పెట్టు."

అభ్యర్థుల హాజరు కాబోలనుకుని దివాకర్ సంతకం పెట్టేశాడు. మేడం ఆ రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుంది. బల్ల మీద ఒక రబ్బరు ముద్ర, ఇంకు పెట్టె పెట్టింది.

"ఒక్కొక్కరి కాగితాలూ చూడు. అన్నీ ఉంటే ముద్ర ఎయ్యి, లేకుంటే పంపించెయ్యి. మొగమాటపడొద్దు. నీ పని ఎట్లుంటాదో చూసి సాయంత్రం ఆత్రేయ సారుకు నేనే చెప్తా."

ఆ మాటతో దివాకర్ బుర్రలో దీపం వెలిగింది. ఇదా సంగతి! పద్మశ్రీ చెప్పింది అక్షరాలా నిజం. ఇదే పరీక్ష. కిటికీలోంచి చూస్తున్నారు. మిగతా అభ్యర్థులకు బల్లలెందుకు వేయలేదో మాత్రం తెలియలేదు. వాళ్లకు ఇంకో రకం పరీక్ష ఉంటుందిలే అని సమాధానం చెప్పుకుని, చొక్కా చేతులు మడిచాడు.

ఇక చూడండి ఆయన దీక్ష. ముద్ర తిన్నగా పడాలి, తేదీ కనబడాలి, అక్షరం చెదరకూడదు. అనిల్ అనే కుర్రవాడు వచ్చాడు. నల్లకుంటలో ఉంటాడు, ఎమ్మెస్సీలో మంచి మార్కులే ఉన్నాయి.

"డిగ్రీ ఒరిజినల్ ఏది?"

"ఇంకా ఇయ్యలే సార్. ప్రొవిజనల్ ఉన్నది."

"ప్రొవిజనల్ ఆర్నెల్లే చెల్లుతది. ఇది రెండేండ్ల కిందటిది."

"ఇయ్యాల్సింది గీ యూనివర్సిటీయే గద సార్! నా డిగ్రీ గా కనబడే బిల్డింగులనే ఉన్నది!"

"అయితే పోయి తెచ్చుకోండి."

"తెచ్చుకుంటే రెండేండ్లు ఎందుకు ఆగుత సార్!"

దివాకర్ మనసు చివుక్కుమంది. నాలుగేళ్లుగా ఇట్లాంటి బల్లల ముందు నిలబడి తనూ ఇవే మాటలు మొత్తుకున్నాడు. కానీ లోపలెవరో కిటికీలోంచి చూస్తున్నారే! జాలి చూపిస్తే మార్కులు పోతాయి. అనిల్‌ను పంపించేశాడు. అట్లా వరసగా ఆరుగురిని వెనక్కి పంపాడు.

ఏడోవాడు ముఖేష్. లాలాగూడ నుంచి బస్సులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా.

"నమస్తే సార్. ఈడ రిపోర్టు చెయ్యమన్నరు."

"సర్టిఫికెట్లు చూపియ్యండి. ఎమ్మెస్సీ ఏది?"

ముఖేష్ బిత్తరపోయాడు. "నాది బీకాం సార్. కంప్యూటర్ గూడ నేర్చుకున్న."

"ఎమ్మెస్సీ బాటనీ తప్పనిసరి. పీహెచ్‌డీ ఉంటే ఇంకా మంచిది."

"టైపింగు కొలువుకు గూడనా సార్?"

"నోటిఫికేషన్ల స్పష్టంగ ఉన్నది."

ముఖేష్, టైపింగుకు డాక్టరేటు అడుగుతున్నారంటే రోజులెంత పాడైపోయాయో అనుకుని, డబ్బా సంచిలో పెట్టుకుని బస్‌స్టాపు దారి పట్టాడు. ఏజెన్సీ పంపిన అసలు మనిషి అతనే. అతన్ని దివాకర్ స్వహస్తాలతో సాగనంపాడు.

పదకొండింటికి పద్మశ్రీ ఫోను చేసింది.

"లోపలికి పోయినవా?"

"లేదు. అందరి కాగితాలు నేనే చూసి పంపుతున్న."

"నువ్వు పంపుడేంది?"

"పరీక్షనే. నువ్వు చెప్పలే? బల్ల ఇచ్చిండ్రు, ముద్ర ఇచ్చిండ్రు, చాయ్ గూడ ఇచ్చిండ్రు."

"చాయ్ ఇచ్చిండ్రా? మా స్కూల్ల మంచినీళ్లు గూడ ఇయ్యలే. ఏమో మరి, యూనివర్సిటీ గద," అని పెట్టేసింది.

పదకొండున్నరకు ప్రొఫెసర్ ఆత్రేయ అధ్యక్షతన బోర్డు కూర్చుంది. పద్మావతి మేడం వరండాలోకి తొంగిచూసి, "మొదటి పేరు పిలువప్పా," అంది.

మొదటి పేరు తనదే. పరీక్ష ముగిసింది, ఇక ఇంటర్వ్యూ. దివాకర్ చొక్కా చేతులు దించి, బొత్తాలు పెట్టుకుని, తన ఫైలు పట్టుకుని లోపలికి నడిచాడు.

"ఫైలు ఇక్కడ పెట్టి అభ్యర్థిని పంపండి," అన్నాడు ఆత్రేయ తలెత్తకుండా.

"నేనే సార్."

"మీరే. అందుకే మీకు చెబుతున్నా. త్వరగా పంపండి, ఇప్పటికే ఆలస్యమైంది."

"సార్, ఆ అభ్యర్థి..."

"రాలేదా? రాకపోతే తర్వాతివాళ్లను పిలవండి. రాజలింగం, తలుపు వెయ్యి."

రాజలింగం ఎంతో మర్యాదగా దివాకర్ రెక్క పట్టుకుని బయటికి తెచ్చాడు. వరండాలో మేడం ఎదురైంది.

"మేడం, దివాకర్ అంటే నేనే."

"తెలుసులే అప్పా, పొద్దున సంతకం పెట్టినావు గదా. ఇద్దరిదీ ఒకే పేరైతే ఏమాయె? ఆ దివాకర్‌ను పిలువు. మూడుసార్లు పిలిచినా పలకకుంటే గైర్హాజరు. అది రూలు."

దివాకర్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఆయన చూపు మెట్ల కింద నిలబడ్డ అనిల్ మీద పడింది. చుట్టూ మిగతా అయిదుగురూ ఉన్నారు. ఇటే చూస్తున్నారు, చూపులు బాగాలేవు. ఇది పరీక్ష కాదేమో అన్న అనుమానం ఆయనకు అప్పుడు మొదలైంది. పరీక్ష కాకపోతే తాను పొద్దున్నుంచి చేసిందేమిటి? పోటీకొచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ ఏరి వెళ్లగొట్టడం! ఆ మాట ఇప్పుడు నలుగురిలో ఒప్పుకుంటే బట్టలతో ఇల్లు చేరడం అనుమానమే.

"పిలువప్పా, ఏం చూస్తాండావు?"

"దివాకర్!" అని పిలిచాడు దివాకర్.

ఎవరూ పలకలేదు.

"దివాకర్!"

"జిరాక్సుకు పోయిండేమో సార్," అన్నారెవరో వెనక నుంచి.

మూడోసారీ పిలిచాడు. తన పేరును అంత దీనంగా ఎవరూ, ఆఖరికి కన్నతల్లి కూడా పిలిచి ఉండదు. మేడం జాబితా ముందుకు తోసింది. మొదటి పేరు ఎదురుగా 'గైర్హాజరు' అని రాసి, దివాకర్ కింద సంతకం పెట్టాడు. భోజనాల వేళ ఆత్రేయ సారును ఒంటరిగా పట్టుకుని అంతా చెప్పుకోవాలనుకున్నాడు. బోర్డువాళ్లు ఆ రోజు భోజనం గదిలోకే తెప్పించుకున్నారు.

మధ్యాహ్నం రెండింటికి అనిల్ బల్ల దగ్గరికొచ్చి, "సార్, జర పెన్ను ఇస్తరా?" అన్నాడు.

దివాకర్ ఇచ్చాడు.

"మీ పేరేంది సార్?"

"ఎందుకు?"

"మీ మీద కంప్లైంటు రాస్తున్నం."

దివాకర్ గటగటా నీళ్లు తాగి, ఎవరో పిలిచినట్టు లేచి లోపలికి పోయాడు. దాంతో వాళ్లు 'పేరు చెప్పడానికి భయపడిన సిబ్బంది' అని రాశారు. రాస్తుండగా ఒకడికి అనుమానమొచ్చింది. పొద్దున ఏడింటికే వచ్చి కాగితంలో మొదటి పేరు రాసుకున్న మనిషి, పదకొండున్నరకు పిలిస్తే ఎందుకు పలకడు? ఎటుపోతాడు?

"ఇంకెటు పోతడు? ఆయన్ని గూడ ఈ సారే ఎల్లగొట్టిండు!" అన్నాడు అనిల్. "మనకంటే ఏదో ఒక కాగితం లేదు. అందరికన్న ముందొచ్చిన మనిషికేం తక్కువైంది?"

ఆ మాట అందరికీ నచ్చింది. కంప్లైంటులో దివాకర్‌కు జరిగిన అన్యాయమే మొదటి పేరా అయింది. అంతటితో ఆగితే బాగుండేది. మెట్ల మీద నిలబడి నినాదాలు కూడా మొదలుపెట్టారు.

"దివాకర్‌కు న్యాయం జరగాలె!"

"జరగాలె! జరగాలె!"

తన కోసం ఇంతమంది గొంతు చించుకోవడం దివాకర్ జీవితంలో ఇదే మొదటిసారి. సంతోషించాలో ఏడవాలో తెలియక ముద్ర తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మూడింటికి ఆ గోలకు ఆత్రేయ బయటికొచ్చాడు. ఒక చేతిలో కంప్లైంటు, ఇంకో చేతిలో ఇందాక బోర్డు బల్ల మీద ఉండిపోయిన దివాకర్ ఫైలు. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

"పద్దెనిమిది మందిని చూశామండీ ఇప్పటిదాకా! గుర్రపుడెక్క అంటే గుర్రాల కాళ్లకొచ్చే జబ్బు అన్నాడొకాయన. ఇదిగో, ఈ మనిషి ఏడేళ్లు దాని మీదే పనిచేశాడు. మన చెరువుల్లోనే దిగాడు. ఇతను వచ్చుంటే కళ్లు మూసుకుని తీసుకునేవాళ్లం. ఇతన్నెందుకు పంపేశారు మీరు?"

"పంపలేదు సార్," అన్నాడు దివాకర్. "ఈన్నే ఉన్నడు."

"ఎక్కడ?"

"నేనే సార్ ఆ దివాకర్‌ను."

ఆత్రేయ ఫొటో చూశాడు. నెత్తి చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు. ముక్కు దగ్గర పోలిక దొరికింది. ముందుగా తేరుకున్నది అనిల్.

"అంటే, పోటీ తక్కువ చేసుకోనీకి మమ్ముల ఎల్లగొట్టినవా? ఎంత ఘనకార్యం చేసినవయ్యా!"

నినాదం తిరగబడ్డానికి అర నిమిషం కూడా పట్టలేదు. "దివాకర్ డౌన్ డౌన్" అనడానికి పాత గొంతులే సరిపోయాయి. దివాకర్ రెండు చేతులూ జోడించి, "నేను పరీక్ష అనుకున్ననే! మేడం ముద్ర ఇస్తే పరీక్ష అనుకున్న!" అంటున్నాడు. ఆ మాట ఆయనకు తప్ప ఎవరికీ అర్థం కావడం లేదు.

"నేనెందుకు పరీక్ష పెడతానప్పా? ఏజెన్సీవాళ్లు పంపిన మనిషివి గదా నువ్వు?" అంది మేడం.

"ఏ ఏజెన్సీ మేడం?"

అప్పుడే ఆమె ఫోను మోగింది. ఏజెన్సీవాళ్లే. అవతలి మనిషి గొంతు వరండా అంతా వినబడింది.

"ఏంది మేడం ఇది? మా ముఖేష్‌ను పంపితే ఎమ్మెస్సీ లేదని వాపసు పంపిండ్రంట! టైపింగుకు పీహెచ్‌డీ ఉంటే మంచిదని చెప్పిండ్రంట! అంత చదువడిగే కొలువు నాకొద్దని పొలగాడు మెట్టుగూడల దుకాణంల చేరిండు. మీకు మనుషుల్ని ఏడికెళ్లి తేవాలె మేము?"

మేడం ఫోను పెట్టేసి బల్లకు ఆనుకుంది. రాజలింగం నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. ఆత్రేయ దివాకర్ కుర్చీలోనే కూలబడి, ఎవరేం చేశారో ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నాడు. పది నిమిషాలు పట్టింది. సగంలో అనిల్‌కు నవ్వాగలేదు.

"అభ్యర్థి చేత అభ్యర్థుల కాగితాలు చూపించాక ఈ ఇంటర్వ్యూ చెల్లదు," అన్నాడు ఆత్రేయ చివరికి. "రద్దు చేస్తున్నాం. నెల రోజుల్లో కొత్త నోటిఫికేషన్‌తో మళ్లీ ఇంటర్వ్యూ పెడతాం. అందరూ రండి. దివాకర్ గారూ, మీరు తప్పకుండా రావాలి."

"నేను రాలేను సార్. రేపటితో నాకు ముప్ఫై అయిదు నిండుతయి."

ఆ మాట చెప్పేటప్పుడు దివాకర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడేళ్ల చదువు, నాలుగేళ్ల తిరుగుడు, ఇన్నాళ్లకు తన కోసమే పుట్టినట్టున్న ఒక్క కొలువు. దాని గుమ్మం ముందు పొద్దంతా కూర్చుని అందరినీ లోపలికి పంపాడు, తానొక్కడే పోలేదు. ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి నినాదాలిచ్చినవాళ్లు కూడా తలలు దించుకున్నారు.

"గిదేం గోస సార్," అన్నాడు అనిల్ మెల్లగా. "జర ఏమన్న చెయ్యరాదు?"

"నా చేతిలో ఏముందయ్యా? వయసు సడలించే అధికారం నాకు లేదు."

పద్మావతి మేడం ఏదో గుర్తొచ్చినట్టు గబగబా లోపలికి పోయింది. పొద్దున చంకలో పెట్టుకున్న రిజిస్టరు, నోటిఫికేషన్ ప్రతి పట్టుకొచ్చింది.

"పద్నాలుగో పేరా చూడండి సార్. ఈ యూనివర్సిటీలో పనిచేసేవాళ్లకు అయిదేండ్లు సడలింపు ఉండాది. ఔట్‌సోర్సింగు వాళ్లకూ వర్తిస్తాదని రాసుండాది. ఈ మనిషి ఈ పొద్దు పది గంటల అయిదు నిమిషాలకు హాజరు పట్టీలో సంతకం పెట్టినాడు. అప్పటికి ముప్ఫై అయిదు నిండలేదు. ఆ ముఖేష్ రానన్నాడు, సీటు ఖాళీగానే ఉండాది. ఏజెన్సీవాళ్లకు ఈయన పేరే రాసిస్తా. నెల పనిచేస్తాడు, ఇంటర్వ్యూకి వస్తాడు. ఏమంటారు?"

ఆత్రేయ పద్నాలుగో పేరా రెండుసార్లు చదివి తలూపాడు. నోటిఫికేషన్ కంఠతా పట్టిన దివాకర్ ఆ ఒక్క పేరా మాత్రం తనది కాదని వదిలేశాడు. వరండాలో చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది అనిల్.

ఇంటికి చేరేసరికి అయిదు దాటింది. పద్మశ్రీ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"వచ్చిందా కొలువు?"

"వచ్చింది. రేపటికెళ్లి పోవాలె."

"ప్రాజెక్టు అసోసియేటా?"

"కాదు. టైపింగు."

ఆమెకు మొత్తం అర్థమయ్యేదాకా చెప్పడానికి రెండు చాయ్‌లు పట్టాయి. అన్నీ విని, "అంటే, కొలువు కోసం ఇంటర్వ్యూకు పోయి, ఇంటర్వ్యూ కోసం కొలువుల చేరినవన్నమాట," అంది.

"నెల రోజులే గద."

"నెల రోజులే. ఏ పని చెప్పినా మంచిగ చెయ్యి," అని మళ్లీ చెప్పింది. ఈ ఇల్లాలికి చెప్పి బుద్ధి రాలేదు, ఆయనకు విని బుద్ధి రాలేదు.

దివాకర్ మంచిగానే చేశాడు. రెండు నెలలుగా పేరుకుపోయిన ఫైళ్లను రెండు వారాల్లో దుమ్ము దులిపి దారికి తెచ్చాడు. కప్పులో వాన కారుతోందన్న ఉత్తరం పది నెలలుగా ఏ బల్ల కింద పడుందో కనిపెట్టి, కప్పు బాగు చేయించాడు. అనిల్ డిగ్రీ కోసం స్వయంగా ఆ బిల్డింగుకు నాలుగుసార్లు తిరిగి, తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ప్రాజెక్టు అసోసియేట్ కొలువుకు కొత్త నోటిఫికేషన్ టైపు చేసిందీ ఆయనే. పద్మావతి మేడం చాలా ఏళ్ల తర్వాత మధ్యాహ్నం టైముకు అన్నం తినడం మొదలుపెట్టింది.

ఇంటర్వ్యూ ఎల్లుండి అనగా దివాకర్ ఒక దరఖాస్తు రాసుకుని మేడం ముందు నిలబడ్డాడు. లోపల పనిచేసేవాళ్లు ఇంటర్వ్యూకి పోవాలంటే మాకు అభ్యంతరం లేదని పై అధికారి రాసివ్వాలి. అది కూడా పద్నాలుగో పేరాలోనే, కింది లైనులో ఉంది.

మేడం దాన్ని చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"ఇరవై రెండేండ్లలో నాకు ఇట్లాంటి మనిషి దొరకలేదప్పా," అంది. గొంతులో నిజంగానే ప్రేముంది. "నువ్వు పోతే ఏజెన్సీవాళ్లు మళ్లా ఎవరినో పంపుతారు. వానికి అ ఆలు నేర్పేలోపల నేను రిటైర్ అయిపోతా. ఆలోచిద్దాంలే, తొందరేముండాది?"

"ఇంటర్వ్యూ ఎల్లుండే మేడం."

"అదే గదా నేననేది! ఆ పొద్దు నువ్వు లేకుంటే ఎట్ల? కాగితాలు ఎవరు చూస్తారు, పేర్లు ఎవరు పిలుస్తారు? ముందు దీన్ని ఇన్‌వర్డులో ఎక్కించు. తర్వాత చూద్దాం."

దివాకర్ తన దరఖాస్తును ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి, ముద్ర తిన్నగా కొట్టి, తన చేత్తోనే పెండింగు ఫైల్లో పెట్టాడు.